సగటుకు అందనివాళ్లు



ఈ రోజు పట్టాలు అందుకున్న మీలో కొందరు వైద్యులు, కొందరు జీవశాస్త్రం చదివినవాళ్లు. మీ రెండు వర్గాలూ కలిసి పనిచేస్తే తప్ప తెగని జబ్బు ఒకటుంది. అది ప్రోస్టేట్ క్యాన్సర్. దాని గురించే మాట్లాడతాను.

పురుష హార్మోన్‌ను ఆపేస్తే ఈ క్యాన్సర్ వెనక్కి తగ్గుతుందని 1941లో చికాగో విశ్వవిద్యాలయంలో చార్లెస్ హగిన్స్, క్లారెన్స్ హాడ్జెస్ చూపించారు. హగిన్స్‌కు 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎందుకు తగ్గుతుందో తెలియడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. హార్మోన్ కణంలోకి వెళ్లి ఆండ్రోజెన్ రిసెప్టర్‌ను పట్టుకుంటుంది. ఆ రిసెప్టర్ కేంద్రకంలోకి చేరి, డీఎన్ఏ మీద కూర్చుని, కొన్ని జన్యువులను పనిలోకి దింపుతుంది. మనం రక్తపరీక్షలో చూసే పీఎస్ఏ అలా పనిలోకి దిగిన ఒక జన్యువు తయారుచేసే ప్రొటీనే. ఆ పరీక్ష కాగితం మీది అంకె ఒక జన్యువు ఎంత జోరుగా పనిచేస్తోందో కొంతవరకు చెబుతోందన్నమాట. మీరు రోగికి ఆ కాగితం ఇచ్చేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలని నా కోరిక.

ఇప్పుడు అసలు విషయం. 2000 తర్వాత వేల జన్యువుల పనితీరును ఒకేసారి కొలిచే మైక్రోఅరేలు విరివిగా వాడుకలోకి వచ్చాయి. క్యాన్సర్ కణజాలం సగటు ఎంత, ఆరోగ్యమైన కణజాలం సగటు ఎంత అని పోల్చడం అప్పటి రివాజు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో అరుళ్ చిన్నయ్యన్ ప్రయోగశాలలో అప్పటికి విద్యార్థిగా ఉన్న స్కాట్ టామ్లిన్స్, సహచరులతో కలిసి లెక్కను మార్చాడు. రోగులందరిలో కాస్త పెరిగిన జన్యువులను పక్కనపెట్టి, కొందరిలో మాత్రమే విపరీతంగా పెరిగి, మిగతావాళ్లలో మామూలుగా ఉన్న జన్యువుల కోసం వెతికారు. సగటు తీస్తే అలాంటివి కనబడవు. ఆ వెతుకులాటలో ఈఆర్‌జీ, ఈటీవీ1 అనే రెండు జన్యువులు బయటపడ్డాయి. ఒక కణితిలో ఒకటి పెరిగితే రెండోది పెరగడం లేదు. వెతికిన సమాచారంలో చాలా భాగం ఇతరులు అంతకుముందే ప్రచురించి వదిలేసిందే. అందరి కళ్లముందూ ఉన్నదాన్ని వాళ్లు కొత్తగా అడిగారు.

ఈఆర్‌జీ పెరిగిన కణితుల్లో దాని ముందుభాగం విరిగిపోయి, టీఎంపీఆర్ఎస్ఎస్2 అనే మరో జన్యువు ముందుభాగం వచ్చి అతుక్కుని ఉంది. రెండూ 21వ క్రోమోజోమ్ మీదే, సుమారు 30 లక్షల డీఎన్ఏ అక్షరాల దూరంలో ఉంటాయి. టీఎంపీఆర్ఎస్ఎస్2ను హార్మోన్ నడుపుతుంది. అందుకే మన ఇంట్లో స్విచ్చి వేస్తే పక్కింట్లో మోటారు తిరిగినట్టు, హార్మోన్ వచ్చినప్పుడల్లా ప్రోస్టేట్‌లో మౌనంగా ఉండాల్సిన ఈఆర్‌జీ లేస్తుంది. జన్యువులు ఇలా కలిసిపోవడం ప్రధానంగా రక్త క్యాన్సర్ల సంగతని అప్పటిదాకా అనుకునేవారు. 2005లో సైన్స్ పత్రికలో ఈ ఫలితం వచ్చాక ఆ నమ్మకం నిలవలేదు.

అంతటితో అయిపోలేదు. ఈఆర్‌జీ ఒక్కటే లేచినంత మాత్రాన ఎలుకల్లో పూర్తిస్థాయి క్యాన్సర్ రావడం కష్టం. పీటెన్ అనే కాపలా జన్యువు కూడా దెబ్బతింటే కథ మారుతుంది. మరోవైపు, హార్మోన్‌ను ఆపేసినా కణితి తన దారి వెతుక్కుంటుంది. రిసెప్టర్ జన్యువు ప్రతులు పెంచుకుంటుంది. లేదా హార్మోన్ పట్టుకునే భాగమే లేని, ఎప్పుడూ పనిచేస్తూనే ఉండే పొట్టి రిసెప్టర్‌ను తయారుచేస్తుంది. 2011లో అబిరటిరోన్, 2012లో ఎంజలుటమైడ్ అనే మందులు అమెరికాలో ఆమోదం పొంది ఎందరికో ఆయుష్షు పోశాయి. అయినా ఆ పొట్టి రిసెప్టర్ ఉన్నవాళ్లలో ఇవి చాలాసార్లు పనిచేయవు.

నన్ను కలవరపెట్టేది ఇంకొకటి. టీఎంపీఆర్ఎస్ఎస్2, ఈఆర్‌జీల కలయిక ఐరోపా మూలాలవారి కణితుల్లో సుమారు సగంలో కనిపిస్తుంది. ఆఫ్రికన్ అమెరికన్లలో, తూర్పు ఆసియావారిలో అంతకన్నా తక్కువ. పాఠ్యపుస్తకంలోని ‘సగం’ అన్న మాట ఒక జనాభా సగటు. మన ఊళ్లలో, జబ్బు ఎముకలకు పాకాక గానీ ఆసుపత్రి గడప తొక్కని మన పెద్దవాళ్ల కణితుల్లో ఏ జన్యువు లేచిందో ఆ పుస్తకం చెప్పదు. చూడాల్సింది మీరే.

అది మీ చేతుల్లో ఉన్న పనే. ఈఆర్‌జీ ప్రొటీన్‌ను బయాప్సీ ముక్క మీద రంగు పరీక్షతో పట్టుకోవచ్చు. ఆసుపత్రుల పాథాలజీ విభాగాల్లో ఆ ముక్కలను నిలవచేసిన మైనపు దిమ్మెలు దాచి ఉంటాయి. డాక్టర్లయినవాళ్లు రోగికి వివరంగా చెప్పి, అనుమతి తీసుకుని, వయసు, పీఎస్ఏ, మందుకు వచ్చిన స్పందన తేదీలతో సహా రాసిపెట్టండి. ప్రయోగశాలకు వెళ్లేవాళ్లు ఆ రాతలను అడిగి తీసుకుని, లెక్కకు లొంగని రోగుల దగ్గర మొదలుపెట్టండి. వచ్చిన ఫలితాన్ని, అది చిన్నదైనా సరే, ఇంకొకరు వాడుకునేలా బయటపెట్టండి.