పేరును కౌలుకు తీసుకునే ముందు

(కొత్వాల్‌గూడలో రైతులు, యువకులతో జరిగిన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎప్పుడూ గిట్టుబాటు ధర, కరెంటు, పాస్‌బుక్కుల గురించి మాట్లాడే సంఘం ఈసారి ఫ్రాంచైజీల గురించి మాట్లాడుడేందని కొందరు అడిగిండ్రు. అడగవలసిన మాటే. జవాబు మన ఊరి చుట్టే ఉంది. ఒకపక్క హిమాయత్‌సాగర్, మరోపక్క ఔటర్ రింగ్ రోడ్డు, ఆ పక్కన విమానాశ్రయం. విమానాశ్రయానికి సుమారు 5,500 ఎకరాలు పోయినయి. 2008 మార్చిలో విమానాలు మొదలైనయి. ఔటర్‌కు మరికొంత భూమి పోయింది. మిగిలినదాంట్ల కొంత అమ్ముకున్నం. భూమి పోయిన ఇంట్ల పైసలున్నయి, పోరగాండ్లున్నరు, పనిలేదు. ఈ మూడూ ఒక్క ఇంట్ల ఉన్నయని ఎవరికి ముందు తెలుస్తుందంటే, ఫ్రాంచైజీ అమ్మెటోనికి తెలుస్తుంది. టీ, బిర్యానీ, పిజ్జా, మందుల దుకాణం, చిన్నపిల్లల బడి, డయాగ్నొస్టిక్ సెంటర్ అంటూ రోజుకొకడు ఫోన్ చేస్తడు. అందుకే ఇది రైతు సమస్యే. భూమి పోయిన తర్వాత పరిహారం కూడా పోతే రైతుకు ఇంకేం మిగలదు.

నేను చదివింది పదో తరగతి. వ్యాపారశాస్త్రం నాకు రాదు. దెబ్బ తిన్నోణ్ని కాబట్టి చెప్తున్న.

ఫ్రాంచైజీ అంటే కొత్త ముచ్చట కాదు. భూమిని కౌలుకు తీసుకున్నట్టే, ఇంకొకరి పేరును కౌలుకు తీసుకోవడం. ముందు కట్టే ఫ్రాంచైజీ ఫీజు ఉంటది. నెలనెలా అమ్మకం మీద ఇచ్చే రాయల్టీ ఉంటది. సరుకు వాళ్ల దగ్గరే కొనాలనే షరతు ఉంటది. గడువు తీరితే పేరు వాళ్లది వాళ్లకు పోతది. కోళ్ల షెడ్లు నడిపినోళ్లకు ఇది ఇంకా బాగా తెలుసు. ఇంటిగ్రేషన్‌లో కంపెనీ పిల్లనిస్తది, దాణా ఇస్తది, మందులిస్తది. షెడ్డు మనది, కరెంటు మనది, రాత్రి నిద్ర మనది. కిలోకు ఇంత అని పెంపకం కూలి ఇస్తరు. దాణా ఎక్కువ తిని బరువు తక్కువ వస్తే కోత మనకే. ఫ్రాంచైజీ కూడా ఈ కుదుపే. తేడా ఒక్కటి, ఇందులో షెడ్డుకు బదులు మడిగె.

కౌలు రైతు ఏం చేస్తడు? బోరు చూస్తడు, నేల చూస్తడు, నిరుడు ఆ పొలంల ఎంత పండిందో పక్క చేనోణ్ని అడుగుతడు. ఆ తర్వాతనే మాట ఇస్తడు. నలభై వేల కౌలుకు అంత చూసే మనం, పదిహేను లక్షల ఫ్రాంచైజీకి ఒక రంగుల పుస్తకం చూసి సంతకం పెడుతున్నం.

మా ఇంట్ల జరిగింది చెప్త. ఇరవై గుంటలు అమ్మిన పైసల్ల నుంచి మా చిన్నోడు ఒక టీ ఫ్రాంచైజీ పెడతనన్నడు. ఆ కంపెనీ పేరు చెప్పను, పేరుతో పని లేదు. ఊర్ల మన జాగల కడదామంటే జీవో 111 ఉండె. జంట జలాశయాలను కాపాడేందుకు 1996లో తెచ్చిన ఆ జీవో 84 గ్రామాల్లో కట్టడాలకు కట్టుబాట్లు పెట్టింది. కాబట్టి రోడ్డు మీద మడిగె కిరాయికి తీసుకున్నం. ఫీజు, సామాన్లు, లోపలి అలంకరణ, మడిగె అడ్వాన్సు అన్నీ కలిపి పద్దెనిమిది లక్షలు. ‘నాయినా, మూడు కిలోమీటర్ల లోపల ఇంకో దుకాణం ఇయ్యమని చెప్పిండ్రు’ అన్నడు. ‘కాగితం మీద ఉందారా?’ అని నేను అడగలే. ఒప్పందం ఇంగ్లీషుల ఇరవై పేజీలుండె. చదివిచ్చుకోలే. సాక్షి సంతకం పెట్టింది నేనే.

ఎనిమిదో నెలల కిలోమీటరు దూరంలో అదే బోర్డు ఇంకోటి లేచింది. అడిగితే, ఒప్పందం చూసుకోండన్నరు. చూపిస్తే, ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకునే హక్కు కంపెనీదే అని రాసి ఉంది. పొడి ధర రెండుసార్లు పెంచిండ్రు. పొడి బయట కొనొద్దు. తగాదా వస్తే మధ్యవర్తిత్వం వాళ్ల నగరంలోనే. పందొమ్మిదో నెలల షట్టర్ దించినం. మిషన్లు పాత సామాన్ల ధరకు పోయినయి. పద్దెనిమిదిల నాలుగు లక్షలు చేతికొచ్చినయి. పైసలకంటే ఎక్కువ బాధ ఏందంటే, మా పోరడు ఆరు నెలలు ఊర్ల ఎవని ముఖం చూడలే. తప్పు వానిది కాదు. చేను చూడకుండ కౌలు మాట్లాడిన తండ్రిది.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఇది ఏ ఒక్క కంపెనీదీ కాదు, అర్థం కావడానికి వేసింది. ఒక టీ దుకాణం రోజుకు 6,000 రూపాయలు అమ్ముతదనుకోండి. నెలకు 1,80,000. పాలు, పొడి, చక్కెర, తినుబండారాల సరుకు నూటికి 45 చొప్పున 81,000. రాయల్టీ నూటికి 5 చొప్పున 9,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,620. మడిగె కిరాయి 35,000. ఇద్దరు పనోళ్లకు 30,000. కరెంటు 8,000. గ్యాస్, కప్పులు, వృథా 10,000. మొత్తం ఖర్చు 1,74,620. మిగిలింది 5,380 రూపాయలు. పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదింటి దాకా నిలబడ్డ మీ కొడుకు కూలి ఇందులో లేదు. అదే పదిహేను లక్షలు బ్యాంకుల ఆరున్నర శాతానికి వేస్తే నెలకు 8,125 వస్తది, ఇంట్ల కూసున్నా వస్తది.

అదే దుకాణం రోజుకు 9,000 అమ్మితే? నెలకు 2,70,000. సరుకు 1,21,500, రాయల్టీ జీఎస్టీతో కలిపి 15,930. గ్యాస్, కప్పులకు ఇంకో 5,000 పెరిగినా కిరాయి, కూలి, కరెంటుతో కలిపి 88,000. మిగిలేది 44,570. రోజుకు మూడు వేల తేడాతోనే బతుకుడా, మునుగుడా తేలిపోయింది. కాబట్టి అడగాల్సిన మొదటి ప్రశ్న ‘లాభం ఎంత’ కాదు. ‘నష్టం రాకుండ ఉండాలంటే రోజుకు ఎంత అమ్మాలి, ఆ అడ్డా మీద అంత అమ్ముడుపోతదా’ అనేది. ఇంకోటి గమనించండి. రాయల్టీ లాభం మీద కాదు, అమ్మకం మీద. పంట ఎండినా పాలు ఇయ్యాలన్నట్టు. మీరు నష్టపోయిన నెలల కూడా కంపెనీకి వాటా పోతది.

ఇప్పుడు మీకో వింత చెప్త. మంచి ఒప్పందం ఎట్ల ఉండాలో నేర్చుకోవడానికి ఎక్కడికీ పోనక్కర్లేదు, మన భూముల మీద లేచిన విమానాశ్రయమే ఉంది. అది ఫ్రాంచైజీ కాదు, ప్రభుత్వం కంపెనీకి ఇచ్చిన రాయితీ ఒప్పందం. 2004లో రాసుకున్నరు. గడువు 30 ఏండ్లు, ఇంకో 30 ఏండ్లు పొడిగించుకునే వీలు. ప్రభుత్వానికి ఇచ్చేది మొత్తం రాబడిలో 4 శాతం. మొదటి పదేండ్ల ఫీజు అప్పుడే కట్టే పని లేదు, తర్వాత వాయిదాల్లో కట్టుకోవచ్చు. అన్నిటికంటే పెద్ద షరతు ఏందంటే, 25 ఏండ్ల దాకా 150 కిలోమీటర్ల లోపల ఇంకో కొత్త విమానాశ్రయం రాకూడదు. వరంగల్ మామునూరు విమానాశ్రయం ఇన్నేండ్లు ఆగడానికి ఈ షరతు ఒక కారణం. ఆ కంపెనీ సమ్మతించినంకనే 2025ల దానికి దారి దొరికింది. చూసిండ్రా? పెద్దోళ్లు 150 కిలోమీటర్లు కాగితం మీద రాయించుకున్నరు. మా పోరడు ఒక్క కిలోమీటరు రాయించుకోలే. గడువు, వాటా, హద్దు, ఈ మూడింటి మీదే వాళ్లు బేరం చేసిండ్రు. మనం కూడా చేయాల్సింది వీటి మీదే.

మరి మంచి ఫ్రాంచైజీని ఎట్ల ఎంచుకోవాలె? నాకు తెలిసినకాడికి చెప్త.

మొదటిది, మనిషి అసలోడా నకిలీయా చూడాలె. పెద్ద పేర్లతో దొంగ వెబ్‌సైట్లు పెట్టి రిజిస్ట్రేషన్ ఫీజు పేరుమీద పైసలు గుంజే ముఠాలున్నయి. అమూల్ అయితే తన పేరుతో నడిచే దొంగ సైట్ల గురించి ఎన్నోసార్లు హెచ్చరించింది, కోర్టుకూ పోయింది. కంపెనీ ఆఫీసుకు స్వయంగా పోకుండ, ఫోన్ల చెప్పిన ఖాతాకు రూపాయి వేయొద్దు. వేసి మోసపోతే అదే గంటల 1930కి ఫోన్ చేయండి. బోర్డు మీద పేరు ట్రేడ్‌మార్కుగా నమోదయిందా లేదా ఇంటర్నెట్‌ల ఉచితంగా చూడొచ్చు. నమోదు కాని పేరును కౌలుకిచ్చుడంటే, పట్టా లేని భూమిని కౌలుకిచ్చినట్టే.

రెండోది, పక్క చేనోణ్ని అడగాలె. కంపెనీ చూపించిన దుకాణం కాకుండ, మీరే వెతికి ఐదు దుకాణాలకు పోండి. మూతపడ్డ రెండింటి యజమానులను తప్పకుండ కలవండి. నడిచేటోడు సగం చెప్తడు, మూసినోడు మొత్తం చెప్తడు. మీరనుకున్న అడ్డా కాడ వారం రోజులు కూసోని ఎంతమంది ఆగుతున్నరో లెక్కపెట్టండి. పని దినం ఒక తీరు, ఆదివారం ఒక తీరు.

మూడోది, వాటా ఎట్ల వస్తదో వస్తువు వారీగా అడగాలె. పాల పార్లర్ తీసుకోండి. అమూల్ ప్రకటించిన లెక్క ప్రకారం ప్యాకెట్ పాల మీద మిగులు సుమారు రెండున్నర శాతం, పాల పదార్థాల మీద 10, ఐస్‌క్రీం మీద 20. అంటే రోజుకు 12,000 రూపాయల పాలు అమ్మితే మిగిలేది 300. పాలు గిరాకీని తీసుకొస్తయి, అన్నం పెట్టేది మిగతా సరుకు. ఈ సంగతి తెలిసినోడు అడ్డాను ఒక తీరుగ ఎంచుకుంటడు, తెలియనోడు ఒక తీరుగ.

నాలుగోది, ఒప్పందం తెలుగుల చదివిచ్చుకోవాలె. మన లాయరుతోని, కంపెనీ పంపినోనితో కాదు. హద్దు ఎంత? సరుకు ధర ఎంతవరకు పెంచొచ్చు? గడువు మధ్యల వదిలేస్తే ఏమిటి? డిపాజిట్ వాపసు ఎన్ని రోజుల్ల? తగాదా ఏ ఊర్ల? ‘నోటిమాట చెల్లదు, కాగితం మీదున్నదే చెల్లుతది’ అనే వాక్యం చాలా ఒప్పందాల్ల ఉంటది. కాబట్టి నోటితో చెప్పినదంత రాయించుకోండి. గడువు ముగిసినంక మళ్ల టీ దుకాణమే పెట్టొద్దని బెదిరిస్తే భయపడకండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం, మనిషిని వృత్తి చేసుకోకుండ ఆపే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. వాళ్ల పేరు, వాళ్ల బోర్డు మాత్రం వాడొద్దు.

ఐదోది, ఎంత పెట్టాలె? ఉన్నదాంట్ల మూడో వంతు దాటొద్దు. ఉన్న భూమి కుదువ పెట్టొద్దు. ఆరు నెలల కిరాయి, కూలి చేతిల పెట్టుకునే షట్టర్ ఎత్తాలె. నడిపేది ఇంటి మనిషై ఉండాలె. కౌలుకు తీసుకున్నోడు చేను మీద లేకుంటే పంట ఎవరి పాలైతదో మనకు తెలుసు.

ఇంత చెప్పినా, అంతా రైతే చూసుకోవాలంటే అన్యాయం. అమెరికాల ఫ్రాంచైజీ అమ్మెటోడు తన లెక్కలు, కోర్టు కేసులు, మూతపడ్డ దుకాణాల వివరాలు అన్నీ సంతకానికి 14 రోజుల ముందే రాతపూర్వకంగా ఇయ్యాలె. మన దేశంల ఫ్రాంచైజీకి ప్రత్యేక చట్టమే లేదు. అట్లాంటి చట్టం కావాలని మన సంఘం అడగాలె. 2013 భూసేకరణ చట్టంల ఉద్యోగం గానీ, ఐదు లక్షలు గానీ, ఇరవై ఏండ్లపాటు నెలకు రెండు వేలకు తగ్గకుండ భృతి గానీ అని మూడు దారులున్నయి. మన దగ్గర చాలామందికి ఆ సంగతే ఎవరూ చెప్పలే. పరిహారం చెక్కు ఇచ్చేరోజే పైసలు ఎట్ల కాపాడుకోవాలో చెప్పే మనిషిని కూడా ప్రభుత్వం పంపాలె. భూమి కొలవడానికి పది మంది వచ్చిండ్రు, ఇది చెప్పడానికి ఒక్కడు రాలే.

మా చిన్నోడు ఇప్పుడు ఏం చేస్తున్నడని అడుగుతరు. ఒక సహకార డెయిరీ పాల పార్లర్ నడుపుతున్నడు. ఈసారి రెండు లక్షల లోపే పెట్టినం. సంతకానికి ముందు వాడు పది రోజులు ఆ అడ్డా మీద కూసోని నోటుబుక్కుల గీతలు గీసిండు. గొప్ప లాభం లేదు, ఇల్లు నడుస్తది. కోడలు పెరుగు, నెయ్యి లెక్క చూస్తది. మొన్న పక్కూరి పిల్లగాడు ఫ్రాంచైజీ కాగితాలు పట్టుకొని వానికాడికొస్తే, ‘అన్నా, ముందుగాల హద్దు ఎక్కడ రాసిండ్రో చూపియ్యి’ అన్నడట. ఆ మాట నేను వానికి అప్పుడే నేర్పి ఉంటే పద్నాలుగు లక్షలు మిగిలేవి.

మీలో ఎవరి చేతిలోనైనా ఇట్లాంటి కాగితం ఉంటే, సంతకం పెట్టకముందు సంఘం ఆఫీసుకు తీసుకురండి. నలుగురం కూసోని చదువుదాం. పెట్టినంక తెచ్చినా చదువుతం, కానీ అప్పుడు చదవడం తప్ప చేసేదేం ఉండదు.

సెలవు.