పెద్ద డాక్టరు తేదీ వచ్చేలోపు

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



ఏటా ఈ సభలో పొదుపెంత, అప్పెంత, వసూలెంత అని చెప్పుకుంటాం. ఈసారి మేము ఒక జబ్బు గురించి చెబుతాం. దాంతోపాటు మేము చేసిన తప్పు కూడా చెబుతాం.

మాది రాజోలు దగ్గర పల్లె. సంఘంలో పదిమందిమి. అందులో ఒక అమ్మాయికి ఇరవై ఎనిమిదేళ్లు, ఇద్దరు పిల్లలు. పేరు చెప్పొద్దంది, సంగతి మాత్రం అందరికీ చెప్పమంది. ఊడ్పులకైనా కలుపుకైనా మా అందరికంటే ముందుండే మనిషి. అలాంటిది ఊడ్పులప్పుడే జ్వరం పట్టుకుంది. వేళ్ల కీళ్లు వాచిపోయి, పొద్దున్నే లేస్తే చెంబు పట్టుకోలేకపోయేది. చికున్‌గున్యా అన్నారు, మేమూ అదే అనుకున్నాం. తర్వాత బుగ్గలు ఎర్రబడితే మంగు అనుకుని పసుపు రాయమన్నాం. జుట్టు దువ్వితే కుచ్చులుగా ఊడొచ్చేది. నోట్లో పుళ్లు. అన్నీ విడివిడిగా చూశాం గానీ ఒకచోట పెట్టి చూడలేదు.

ఆ రోజుల్లో మీటింగుకి మూడుసార్లు రాలేదు. నియమం ప్రకారం మూడుసార్లూ జరిమానా వేశాం. "ఒంట్లో ఓపిక లేదు వదినా" అంటే, "ఎవరికుందమ్మా ఓపిక" అన్నాం. ఇదీ మా తప్పు.

చివరికి అమలాపురంలో ఒక డాక్టరుగారు ఆ ఎరుపు చూశారు. ముక్కు మీదుగా రెండు బుగ్గలకీ సీతాకోకచిలుక రెక్కల్లా పరుచుకుంది. ఏ.ఎన్.ఏ. అనే రక్తపరీక్ష, ఇంకొన్ని పరీక్షలు రాశారు. ఏ.ఎన్.ఏ. ఒక్కదాంతోనే జబ్బు తేలదట, మిగతావన్నీ కలిపి చూడాలట. చూసి లూపస్ అన్నారు.

ఆ మాట మేమెప్పుడూ వినలేదు. మన ఒంట్లో రోగాల్ని అడ్డుకునే శక్తి ఉంటుంది కదండీ, అదే తిరగబడి మన కీళ్ల మీద, చర్మం మీద, కిడ్నీల మీద పడుతుంది. కంచే చేను మేసినట్టు. ఈ జబ్బు వచ్చిన పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లే, అదీ ఎక్కువగా పిల్లల్ని కనే వయసులో. అంటువ్యాధి కాదు. వాళ్లింట్లో తన కంచం, గ్లాసు వేరు పెట్టారు. మేము నలుగురం వెళ్లి ఆ గ్లాసుతోనే మంచినీళ్లు తాగి చూపించాం. సినిమా నటి సమంత గారు 2022లో తనకి మయోసైటిస్ వచ్చిందని చెప్పారు, గుర్తుందా? అది కండరాలకొచ్చే వేరే జబ్బు, కానీ అందులోనూ జరిగేది ఇలా తిరగబడటమే.

దీన్ని చూసే నిపుణుల్ని రుమటాలజిస్టులంటారు. వాళ్లు తక్కువ, ఉన్నవాళ్లు పెద్ద ఊళ్లలో ఉంటారు. హైదరాబాదులో ఒకచోట అడిగితే రెండున్నర నెలల తర్వాత తేదీ ఇచ్చారు. మన కోనసీమకి రైలింకా రాలేదు, చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్లి రైలెక్కాలి. సంఘం పొదుపులోంచి అంతర్గత అప్పు ఇచ్చాం. అయితే అప్పటిదాకా ఏం చేయాలి?

అమలాపురం డాక్టరుగారు హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర, తక్కువ మోతాదులో స్టెరాయిడ్ రాశారు. కరోనా అప్పుడు 2020లో అందరి నోటా విన్న పాత మలేరియా మందు ఇదే. లూపస్‌కి ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు. పని చేయడం తెలియడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. వాడుతున్నన్నాళ్లూ డాక్టరు చెప్పినప్పుడల్లా కళ్లు చూపించుకోవాలి.

మనకి బాగా వచ్చిన పని ఒకటుంది, పుస్తకం రాయడం. అందుకే తనకో నోటుపుస్తకం పెట్టాం. తేదీ, జ్వరం, ఏ కీలు నొప్పి, బి.పి., బరువు, వేసుకున్న మాత్ర. ఆశా కార్యకర్త వచ్చి బి.పి. చూసేది. ఎరుపు వచ్చినప్పుడు ఫోన్లో ఫోటో తీసేవాళ్లం. రిపోర్టులన్నీ తేదీల వరసన ఒకే ఫైల్లో పెట్టాం. ఎండ తగిలితే ఈ జబ్బు రేగుతుంది కాబట్టి పొలం పని మాన్పించి, అరుగు మీద కూర్చుని కొబ్బరి ఈనెల చీపుళ్లు కట్టే పని చూశాం. బయటికెళ్తే గొడుగు, చేతులు నిండా జాకెట్టు.

నెల గడిచింది, కొంచెం తేలికపడింది. అప్పుడు చుట్టాలావిడొకరు వచ్చి, "ఆ పవరు మాత్రలు మింగితే ఒళ్లు ఊరిపోద్ది, ఆపెయ్యి" అంది. మాకు చెప్పకుండా మందులన్నీ ఆపేసింది. నొప్పులకి షాపులో బిళ్లలు కొనుక్కుంది. పుస్తకంలో పదకొండు రోజులు ఖాళీ.

తర్వాతి మీటింగులో తీర్మానం మీద సంతకం పెట్టడానికి వచ్చి కూర్చుంది. కాళ్లు చాపితే పట్టీలు చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి. "తీసేద్దామంటే రావట్లేదు వదినా" అని నవ్వింది. మాకు నవ్వు రాలేదు. ఒంటేలు నురగ నురగగా వస్తోందని అడిగితే చెప్పింది. మర్నాడు పొద్దున్నే ఆటోలో అమలాపురం తీసుకెళ్లాం. ఒంటేలులో ప్రొటీన్ పోతోంది, బి.పి. పెరిగింది, జబ్బు కిడ్నీలకి వెళ్లిందన్నారు. డాక్టరుగారే హైదరాబాదుకి ఫోన్ చేసి తేదీ ముందుకు జరిపించారు. నాలుగో రోజున చేరాం. అక్కడి డాక్టరుగారు మా పుస్తకం తిరగేసి, ఆ పదకొండు రోజుల ఖాళీ మీద వేలు పెట్టి అడిగారు. కిడ్నీ ముక్క తీసి పరీక్ష చేసి, మందులు మార్చారు.

ఇప్పుడు వాపు తగ్గింది, ప్రొటీన్ తగ్గుతోంది. జబ్బు పోలేదు. పోయేది కాదు, అదుపులో పెట్టుకునేదని చెప్పారు. షుగరు ఉన్నవాళ్లు బతకట్లేదా, అలాగే.

అక్కలారా, మేము నేర్చుకున్నది ఇంతే. తేదీ వచ్చేదాకా ఆగొచ్చు, కానీ కొన్ని గుర్తులు కనిపిస్తే ఆగకూడదు. కాళ్లూ మొహం వాపు, నురగ ఒంటేలు, ఎర్రటి ఒంటేలు, తగ్గని జ్వరం వస్తే అదే రోజు దగ్గర్లో ఉన్న డాక్టరుకి చూపించండి. ఆయాసం, గుండెల్లో నొప్పి, ఫిట్స్, మాట తడబడటం అయితే 108కి ఫోన్ చేయండి. స్టెరాయిడ్ మాత్ర ఎవరేం చెప్పినా ఉన్నపళంగా ఆపకూడదు, డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. షాపులో నొప్పి బిళ్లలు సొంతంగా కొనుక్కోవద్దు, కిడ్నీలకి చెరుపు. బిడ్డ కావాలనుకుంటే ముందే డాక్టరుతో మాట్లాడాలి. ఆసుపత్రికెళ్లేటప్పుడు రేషన్ కార్డు, ఆధార్ పట్టుకెళ్లి, ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో అక్కడ అడగండి.

ఇంకొకటి. మీ సంఘంలో ఎవరైనా వరసగా రెండు మీటింగులకి రాకపోతే, జరిమానా రాసేముందు ఒకరు వాళ్లింటికి వెళ్లి రండి. మేము ఇప్పుడు అలా తీర్మానం చేసుకున్నాం. తన దగ్గర తీసుకున్న ఆ మూడు జరిమానాలూ తిరిగి ఇచ్చేశాం. పుస్తకంలో రాసినవి మాత్రం కొట్టెయ్యలేదు. అవి కనిపిస్తుంటేనే మాకు గుర్తుంటుందని అలాగే ఉంచాం.

ఈ మాటలు ఇక్కడ చెప్పమని పంపింది ఆ అమ్మాయే. తను ఇవాళ ఎండకని రాలేదు, ఇంట్లో చీపుళ్లు కడుతోంది. మీరందరూ విన్నారని సాయంత్రం వెళ్లి చెబుతాం. సెలవు.