శరణార్థి మొర, విచారణ ధర్మము

విభీషణ శరణాగతి కథ మీరందరెరిగినదే. కాని అందొక భాగమును మనము తొందరగా దాటిపోవుదుము. విభీషణుడు వచ్చి శరణు వేడగానే రాముడు అభయమీయలేదు, తనవారి అభిప్రాయములడిగెను. వీడు శత్రువు పంపినవాడని సుగ్రీవుడనెను. పరీక్షింపవలెనని అంగదుడును, చారులచే తెలిసికొనవలెనని శరభుడును, కానిచోట కాని కాలమున వచ్చినాడు గనుక శంకింపవలసినదేయని జాంబవంతుడును, మెల్లమెల్లగా ప్రశ్నింపవలెనని మైందుడును పలికిరి. హనుమంతుడు మాత్రము, క్రొత్తగా వచ్చినవానిని ఒక్కపెట్టున ప్రశ్నించినచో మంచి మనస్సుతో వచ్చినవాడును బెదరి శంకించునని చెప్పెను.

నేడు పరదేశములలో శరణార్థుల అప్పీళ్లు విచారించు కచేరీలయందును ఈ ప్రశ్నలే, ఈ శంకలే. ఆంజనేయుడు మాత్రము ప్రతిదినమును హాజరు కాడు.

1951లో జెనీవా నగరమున శరణార్థులను గూర్చి ఒక ఒడంబడిక జరిగినది. తన జాతి, మతము, రాజకీయాభిప్రాయము మొదలగు కారణములచే హింసకు లోనగుదునను భయముతో దేశము విడిచి వచ్చినవానిని, ఆ భయమున్న చోటికే మరల త్రోయరాదనునది దాని ప్రాణము. మన దేశము దానిలో చేరలేదు. చేరిన దేశములలో మొదట ఒక అధికారి వాంగ్మూలము పుచ్చుకొనును. అతడు నమ్మక కాదన్నచో సాధారణముగా న్యాయాధిపతి యెదుట అప్పీలు. మన యూరి గట్టు తగవునకైన సర్వేరాయి యుండును, ఇరుగుపొరుగు సాక్షులుందురు. రాత్రికి రాత్రి పారిపోయి వచ్చినవానికి తన మాటయే పత్రము, తన మాటయే సాక్షి.

ఆ మాటలో తేదీ తప్పినచో అబద్ధమందురు. ఇది మనమెరిగిన కష్టమే. మన పెద్దలను పుట్టిననాడడిగినచో ఫలానా వరద ఏడని చెప్పుదురుగాని ఇంగ్లీషు తేదీ చెప్పగలరా? నడివయసు తల్లియైనను, 1986 గోదావరి వరదకు ముందటి యేడు పెద్దవాడు పుట్టెననియు, 1996 నవంబరు తుపాను నాటికి చిన్నది చంటిబిడ్డయనియు చెప్పును. బడిలో చేర్చునప్పుడు తేదీ తెలియని బిడ్డకు వయస్సు సరిపోవునట్లు ఒక తేదీ వేయుట మా వృత్తిలో అందరెరిగిన ఆచారము. జూన్, జూలై మొదటి తేదీలలో పుట్టినవారు మన గ్రామములలో అంతమంది యుండుటకు గ్రహములు కారణము కావు. ఇట్లే ఇథియోపియావారి పంచాంగమున పదమూడు నెలలు. వారి లెక్క ఇంగ్లీషు లెక్కకు ఏడెనిమిదేండ్లు వెనుక. ఇరానువారి సంవత్సరాది వసంత విషువమునాడు. ఒక లెక్కనుండి మరియొక లెక్కకు మార్చునప్పుడు ఒక్క నెల అటునిటైనను, మొదట నట్లంటివి, ఇప్పుడిట్లనుచున్నావేమని ప్రతిపక్షమువారు పట్టుకొందురు. దెబ్బలు తిన్నవానికి దెబ్బల వరుస గుర్తుండదను మాట అందరికిని తోచదు.

దుబాసీ సంగతి మరియొకటి. మన రాజోలు ప్రాంతపు రైతొకడు, నేను లంకలో కాపురముంటినని చెప్పెననుకొందము. కోనసీమ నెరుగని దుబాసీ దానిని సింహళమని తెలిగించును. తరువాత ఆ రైతే, నేనెన్నడును సముద్రము దాటలేదనును. ఇక వాడు అబద్ధీకుడు! గోదావరి పాయల నడుమ లంకలుండునని ఆ కచేరీలో చెప్పువారెవరు? తలవంచి మాటాడుట మనలో వినయము, కొన్నిచోట్ల అది దాపరికము. ముఖము చూచి మనస్సు తెలిసికొను విద్య హనుమంతునికి చెల్లినదిగాని, దానిని నమ్ముకొని తీర్పులు చెప్పుట అందరికిని తగదు.

వ్యవధి లేని విచారణ మరియొక దుఃఖము. ఇంగ్లండులో కొందరు శరణార్థులను నిర్బంధములో నుంచి అప్పీళ్లను త్వరితముగా తేల్చు ఏర్పాటొకటి యుండెను. తిరస్కార పత్రమందిన రెండు పనిదినములలో అప్పీలు చేసికొనవలెను. నిర్బంధములోని వాడు వకీలును ఎప్పుడు వెదకును, కాగితమెప్పుడు తెప్పించును? ఈ నియమములు న్యాయవిరుద్ధములని అచ్చటి అప్పీలు న్యాయస్థానమే 2015 జూలైలో తీర్పు చెప్పెను. అమెరికాలో ఇట్టి విచారణలకు వకీలును పెట్టుకొను హక్కున్నదిగాని సర్కారు ఖర్చుతో ఇయ్యరు. అచ్చటి తీర్పులను పరిశీలించి పండితులు 2007లో ప్రకటించిన వ్యాసమొకటి కలదు. మయామీ నగరమున ఒకే భవనములో, కొలంబియా దేశపు శరణార్థులకు ఒక న్యాయాధిపతి వద్ద నూటికి 5 వంతులు, మరియొకరి వద్ద 88 వంతులు అనుకూలమని తేలినది. ఇక వాని ప్రాణము వాని నిజముపైగాక, వాడే గది తలుపు తట్టెననుదానిపై ఆధారపడియున్నది.

ఇవన్నియు పరాయి కథలని తలపకుడు. మన ప్రక్కనున్న కోరంగి రేవు 1839 తుపానులో నాశమైనను, దాని పేరు బర్మాలో మిగిలినది. అచ్చటి తెలుగువారిని కోరంగీలని పిలిచిరి. రంగూను రేవులోను బియ్యపు మిల్లులలోను మూటలు మోసినది వారే. 1942లో జపాను దాడికి వెరచి మనవారనేకులు కాలినడకను అడవులు దాటి వచ్చిరి. 1964లో వ్యాపారములు సర్కారు పరమైనప్పుడు మరల వచ్చిరి. రాక అచ్చటనే నిలిచినవారి సంగతి వినుడు. 1982లో బర్మాలో చేసిన పౌరసత్వ చట్టము, 1823కు ముందునుండి అచ్చట స్థిరపడిన జాతులకే పూర్తి హక్కు నిచ్చినది. ఇతరులలో అనేకులు, తామో తమ పెద్దలో 1948 జనవరి 4కు ముందే ఆ దేశము చేరితిమని తిరుగులేని రుజువు చూపవలెను. కాదన్నచో మంత్రిమండలికి అప్పీలు కలదు. వారి మాటయే తుదిమాట. ఆ చట్టపు 71వ విభాగము, అధికారులు తమ నిర్ణయములకు కారణములు చెప్పరాదని శాసించుచున్నది!

మన ధర్మశాస్త్రములలో వ్యవహారము ముగిసిన పిమ్మట జయపత్రమిచ్చు పద్ధతి కలదు. వాది పలికినది, ప్రతివాది పలికినది, సాక్ష్యము, నిర్ణయము, అన్నియు అందు వ్రాయవలెను. ఓడినవాడును తానేల ఓడెనో దానివలన తెలిసికొనగలడు. బర్మాలోని మన కోరంగివాని మనుమనికి ఆ పాటి మాటయైనను దక్కదు.

అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో పూర్వము రంగూను వెళ్లినవారి ఇండ్లుండవచ్చును. అటకలపై వారి పెట్టెలున్నచో ఒక్కసారి దింపించి చూడుడు. ఓడ టికెట్టు, మనియార్డరు రశీదు, రంగూను తపాలా ముద్రపడిన కార్డు, 1948కి ముందటిది ఏది దొరికినను పారవేయకుడు. దానికొక నకలు తీయించి, అచ్చట మిగిలిన బంధువుల చిరునామా తెలిసినచో పంపుడు.