మోసపోయాక మొదటి గంట: ఈ-మెయిల్ మోసాలు, స్త్రీలు, సిగ్గు

(విశాఖపట్నం ద్వారకా నగర్‌లో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీలపై హింస గురించి, ఆస్తి హక్కు గురించి, పనిచేసే చోట వేధింపుల గురించి మనం ఎన్నో సమావేశాల్లో మాట్లాడుకున్నాం. ఈ రోజు ఈ-మెయిల్ మోసాల గురించి అనగానే, అది బ్యాంకు వాళ్లో కంప్యూటర్ వాళ్లో చెప్పాల్సిన సంగతి కదా అని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. మోసం ఎలా జరుగుతుందో వాళ్లు చెప్పగలరు. కానీ మోసపోయిన స్త్రీ ఆ విషయం ఎవరికీ చెప్పకుండా రెండు రోజులు ఎందుకు దాచుకుంటుందో, ఆ రెండు రోజుల్లో ఏం పోగొట్టుకుంటుందో మాట్లాడాల్సింది మనమే.

దీన్ని ‘ఫిషింగ్’ అంటున్నారు. అంటే గాలం వేయడం. బ్యాంకు పేరుతోనో, ఆదాయపు పన్ను శాఖ పేరుతోనో, ఉద్యోగమిస్తామనే కంపెనీ పేరుతోనో మెయిల్ వస్తుంది. మీ ఖాతా ఆగిపోతుంది, వెంటనే ఈ లింకు నొక్కండి అంటుంది. నొక్కితే అచ్చం బ్యాంకు పేజీలాంటిదే తెరుచుకుంటుంది. అక్కడ మనం రాసిన పాస్‌వర్డ్, ఓటీపీ నేరుగా దొంగ చేతికి పోతాయి. 1990ల మధ్యలో అమెరికాలో మొదలైన ఈ పద్ధతి పదేళ్లలో మన కోర్టుల దాకా వచ్చింది. సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘం నాస్కామ్ పేరుతో దొంగ మెయిళ్లు పంపి వ్యక్తిగత వివరాలు రాబట్టిన ఒక ఉద్యోగాల ఏజెన్సీ కేసులో, ఇది చట్టవిరుద్ధమని ఢిల్లీ హైకోర్టు 2005 మార్చిలో చెప్పింది. కోచింగ్ సెంటర్లకూ ఉద్యోగ ప్రయత్నాలకూ వచ్చే ఆడపిల్లలతో నిండి ఉండే ఈ ద్వారకా నగర్‌లో ఆ కేసును గుర్తు చేసుకోవడం అవసరం.

మోసపోయిన స్త్రీకి ఇంట్లో ఎదురయ్యే మొదటి ప్రశ్న ఏమిటి? ‘చదువుకున్నదానివి, ఆ మాత్రం తెలీదా?’ ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. ‘ఆ వేళప్పుడు అక్కడికెందుకు వెళ్లావు?’ అనే ప్రశ్నకు ఇది తోబుట్టువు. రెండూ నేరం చేసినవాణ్ణి వదిలేసి, నేరానికి గురైన మనిషిని బోనులో నిలబెడతాయి. అదే తప్పు భర్త చేస్తే డబ్బు పోయిందంటారు. భార్య చేస్తే డబ్బుతోపాటు ఆమె తెలివినీ తీసిపారేస్తారు. ఆ తర్వాత రక్షణ పేరుతో ఫోను లాక్కుంటారు, బ్యాంకు ఖాతాకు కొడుకు నంబరు తగిలిస్తారు. ఎన్నో ఏళ్లకు సంపాదించుకున్న కాస్త ఆర్థిక స్వేచ్ఛ ఒక్క మెయిల్‌తో చేజారుతుంది. ఈ భయం వల్లే ఆమె నోరు విప్పదు. దొంగకు కావలసిందీ ఆ మౌనమే.

2024లో సైబర్ మోసాల్లో దేశ ప్రజలు 22,845 కోట్ల రూపాయలు పోగొట్టుకున్నారని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. కొందరు ఆడవాళ్ల అమాయకత్వం వల్ల పోయే మొత్తం కాదిది. దీని వెనక ఒక పరిశ్రమ ఉంది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని ఆశపెట్టి మన యువకులను కంబోడియాకు తరలించి, అక్కడ బలవంతంగా ఆన్‌లైన్ మోసాలు చేయిస్తున్న ముఠా సంగతి 2024 మే నెలలో విశాఖ పోలీసులే బయటపెట్టారు. ఏజెంట్లను ఇక్కడే అరెస్టు చేశారు. అదే నెలలో సిహనూక్‌విల్‌లో చిక్కుకున్న భారతీయులు తిరగబడ్డారు. రాయబార కార్యాలయం జోక్యంతో కొందరు విశాఖకు తిరిగి రాగలిగారు. అంటే గాలం అవతలి కొసన కూడా మోసపోయిన మనవాళ్ల పిల్లలు ఉండొచ్చు. ఇంత పకడ్బందీ వ్యాపారానికి చిక్కినందుకు ఒక స్త్రీ సిగ్గుపడాల్సిన పని లేదు.

ఇక చేయాల్సిన పనులు. దయచేసి వరుస గుర్తుంచుకోండి.

డబ్బు పోయిందని తెలిసిన క్షణమే బ్యాంకుకు ఫోను చేసి కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించాలి. ఆ నంబరు కార్డు వెనక నుంచో పాసుపుస్తకం నుంచో తీసుకోవాలి. మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు చేయకూడదు. వెంటనే 1930కి ఫోను చేయాలి. ఎంత డబ్బు, ఏ సమయానికి, ఏ లావాదేవీ నంబరుతో పోయిందో వాళ్లు అడుగుతారు. అందుకే బ్యాంకు పంపిన సందేశాలను చెరిపేయకూడదు. 1930లో నమోదైన వివరాలు డబ్బు చేరిన బ్యాంకుకు వెళతాయి. డబ్బు ఇంకా అక్కడే ఉంటే ఆపగలుగుతారు. దొంగలు గంటల్లోనే ఒక ఖాతా నుంచి పది ఖాతాలకు మార్చేస్తారు కాబట్టి ఇంట్లో ఏమంటారోనని ఆలోచించే ప్రతి గంటా వాళ్లకు లాభమే. సైబర్ క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు రాయాలి.

తర్వాత, అనుమానం లేని మరో ఫోను నుంచి ముందుగా ఈ-మెయిల్ పాస్‌వర్డ్ మార్చాలి. మిగతా ఖాతాలన్నిటి పాస్‌వర్డ్లు మార్చే దారి ఆ మెయిలే. అన్ని పరికరాల నుంచి లాగవుట్ చేయాలి. మన మెయిళ్లు రహస్యంగా ఇంకో చిరునామాకు వెళ్లేలా దొంగ ఏర్పాటు చేసి ఉండొచ్చు, మనకు బదులు తన ఫోను నంబరు చేర్చి ఉండొచ్చు. ఆ రెండూ చూసి తీసేయాలి. రెండంచెల ధృవీకరణ పెట్టుకోవాలి. మోసపు మెయిల్‌ను కోపంతో చెరిపేయకండి, అది సాక్ష్యం.

పోలీసు స్టేషన్‌లో ‘ఇది మా పరిధి కాదు’ అంటే ఊరుకోవద్దు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు. ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి. ఐటీ చట్టంలో 66సి, 66డి సెక్షన్లు ఇలాంటి నేరాలకే ఉన్నాయి.

బ్యాంకు మేనేజరు ‘పాస్‌వర్డ్ మీరే ఇచ్చారు, మేమేం చేయలేం’ అంటాడు. అది సగం నిజం. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఖాతాదారు స్వయంగా వివరాలు ఇచ్చి ఉంటే బ్యాంకుకు తెలియజేసేదాకా పోయిన డబ్బుకు ఆమెదే బాధ్యత. తెలియజేశాక పోయినదానికి బ్యాంకుదే బాధ్యత. తప్పు ఖాతాదారుదని నిరూపించాల్సిన భారం కూడా బ్యాంకు మీదే ఉంచారు. కాబట్టి ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి, తేదీ, సమయం వేయించుకుని రసీదు తీసుకోవాలి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు.

ఇంకో దారి చాలామందికి తెలియదు. ఐటీ చట్టం 46వ సెక్షన్ కింద ప్రతి రాష్ట్రంలో ఐటీ కార్యదర్శి న్యాయనిర్ణేత అధికారిగా 5 కోట్ల రూపాయల వరకు పరిహారం కేసులు వినవచ్చు. 2007లో ఇలాంటి మెయిల్ వల్ల డబ్బు పోగొట్టుకున్న ఒక ప్రవాస ఖాతాదారుకు 12.85 లక్షలు చెల్లించాలని తమిళనాడు అధికారి 2010 ఏప్రిల్‌లో ఐసిఐసిఐ బ్యాంకును ఆదేశించారు. బ్యాంకు అప్పీలుకు వెళ్లింది, పోరాటం ఏళ్ల తరబడి సాగింది. సులువని నేను చెప్పను. దారి ఉందని చెబుతున్నాను.

రెండో దొంగ గురించీ హెచ్చరించాలి. పోయిన డబ్బు రప్పిస్తాం, ముందు కాస్త ఫీజు కట్టండి అంటూ ఫోన్లు వస్తాయి. ఏ పోలీసూ ఏ బ్యాంకూ అలా అడగదు. అలాగే కమీషన్ ఆశ చూపి పొదుపు సంఘాల స్త్రీల ఖాతాలు అడిగేవాళ్లుంటారు. దొంగ సొమ్ము ఆ ఖాతాలోంచి వెళితే ఖాతా స్తంభిస్తుంది, కేసు ఆమె మీదికొస్తుంది.

చివరిగా మన సంస్థల సంగతి. మన మెయిల్‌లో డబ్బుకన్నా విలువైనవి ఉన్నాయి. ఇల్లు వదిలి వచ్చిన స్త్రీ ఎక్కడ తలదాచుకుందో, ఎవరు ఏ వాంగ్మూలం ఇచ్చారో అందులో ఉంటుంది. ఒక కార్యకర్త నొక్కిన లింకుతో ఆ చిరునామా ఆమెను వెతుకుతున్న భర్తకు చేరవచ్చు. అలాంటప్పుడు సంస్థ పరువు కోసం దాచిపెట్టడం నేరం కన్నా పెద్ద తప్పు. ఆ రోజే ఆ స్త్రీలందరికీ ఫోను చేసి చెప్పాలి, అవసరమైతే చోటు మార్చాలి. బాధితుల పేర్లు అందరూ వాడే మెయిల్‌లో ఉంచే అలవాటు మానుకోవాలి. మెయిల్ ద్వారా వచ్చిన కొత్త బ్యాంకు ఖాతా నంబరుకు, పాత నంబరుకు ఫోను చేసి కనుక్కోకుండా డబ్బు పంపకూడదు. తప్పు జరిగిందని వెంటనే చెప్పిన కార్యకర్తను శిక్షించబోమని ముందే రాసిపెట్టుకోవాలి. శిక్షకు భయపడితే ఆమె కూడా దాస్తుంది.

నా ప్రతిపాదన చిన్నది. మీ ఆఫీసు గోడ మీద 1930 నంబరు, ఈ వరుస పెద్ద అక్షరాలతో అంటించండి. హింసకు గురైన స్త్రీతో స్టేషన్‌కు తోడు వెళ్లినట్టే, మోసపోయిన స్త్రీతో బ్యాంకుకు తోడు వెళ్లడానికి ఇద్దరు కార్యకర్తలను సిద్ధం చేసుకోండి. ఆమె వచ్చినప్పుడు ‘ఎందుకు నొక్కావు’ అని కాదు, ‘ఎంతసేపయింది’ అని అడగండి.