విమానము కదలక ముందు

విమానాశ్రయములో అద్దముల వెనుక కూర్చుండి తమ వంతు కొరకు వేచియున్నప్పుడు కనిపించు దృశ్యము శ్రోతలలో చాలమందికి పరిచితమే. విమానము నిలిచియుండును. ఒకడు ఇంధనము నింపుచుండును. ఇద్దరు పెట్టెలు ఎక్కించుచుందురు. మరియొకడు ముందు చక్రము వద్ద చెవులకు హెడ్‌సెట్టు తగిలించుకొని నిలిచియుండును. ఆ జాగాను ఆ వృత్తిలోనివారు ఏప్రన్ అనియు, రాంపు అనియు పిలుతురు. అచ్చట తిరుగువారికి విమానమును నడుపుటతో సంబంధము లేదు. కాని రెక్క క్రింద ఏమున్నదో, తోక వద్ద ఏమి జరిగినదో చూడగలవారు వారే. రెక్కల క్రిందనున్న ఇంజనుల అడుగు భాగము ఏ పైలట్‌కును తన ఆసనము నుండి కనిపించదు.

కనుకనే బయలుదేరుటకు ముందు ఒక పైలట్ క్రిందికి దిగి విమానము చుట్టు ఒకసారి నడచి చూచును. బండి కట్టబోవు రైతు ఇరుసును, చీలను తడవి చూచుకొనుట వంటిదే ఇది. అయితే ఆ ప్రదక్షిణములో కంటికి ఆననిదియు, అది ముగిసిన పిదప సంభవించినదియు పైలట్‌కు ఎవరు చెప్పవలెను? నేడు మేము ముచ్చటింపదలచినది ఈ విషయమునే.

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ విమానాశ్రయములో ఒక వింత బెడద కలదు. అక్కడ ఒక జాతి కందిరీగలు విమానపు ముక్కు ప్రక్కనుండు సన్నని గొట్టములలో దూరి, కొద్ది సేపటిలోనే మట్టితో గూడు కట్టును. వీనికి పీటో గొట్టములని పేరు. ఎదురుగాలి వీనిలో చొరబడి కలిగించు ఒత్తిడిని బట్టియే గాలిలో విమానపు వేగము పైలట్‌కు తెలియును. గొట్టము పూడినచో సూచిక అబద్ధము చెప్పును. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్ తీరమున బిర్గెనేర్ సంస్థ విమానము సముద్రములో కూలి 189 మంది మరణించిరి. ఒక పీటో గొట్టము మూసికొనిపోవుట అందుకు మూలమనియు, కందిరీగ గూడే అందుకు కారణమై యుండుననియు విచారించినవారు భావించిరి. అందుచే బ్రిస్బేన్‌లో దిగిన విమానములకు ఆ గొట్టములపై తొడుగులు వేయుదురు. ఎగురుటకు ముందు తీసివేయవలెనని వ్రాసిన ఎర్రని పట్టీ ఒకటి ప్రతి తొడుగు నుండియు వ్రేలాడుచుండును.

ఎంత ఎర్రగా నున్నను ఏమి? 2018 జులై 18వ తేది రాత్రి మలేషియా ఎయిర్‌లైన్స్ వారి విమానమొకటి ఆ తొడుగులతోనే ఆకాశమునకు ఎగిరినది. వేగసూచికలు పనిచేయలేదు. పైలట్లు ఇతర సాధనముల ఆధారమునను, నేలమీది కంట్రోలర్ల సాయమునను సుమారు ఒక గంట పిమ్మట తిరిగి బ్రిస్బేన్‌లోనే క్షేమముగా దిగిరి. నాలుగేండ్లు గడచినవి. 2022 మే 27న అదే విమానాశ్రయములో సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారి ఎయిర్‌బస్ ఎ-350 బయలుదేరుటకు సిద్ధముగా నున్నది. కదలుటకు ఇక కొద్ది నిమిషములే యున్నవి. ప్రక్క స్థలములో పని చేయుచున్న, ఇంధనము నింపు ఉద్యోగి ఒకడు అటు చూచెను. తొడుగులు అట్లే యున్నవి. వెంటనే చెప్పెను. వానిని తొలగించిరి. విమానము వెడలినది.

ఆ ఉద్యోగి ఆ విమానమునకు సంబంధించినవాడు కాడు. ఆ తొడుగులు తీయుట అతని పని కాదు. చూచి ఊరకున్నచో అతనిని తప్పుపట్టుటకు ఏ కాగితములోను ఆధారము దొరకెడిది కాదు.

ఊరకుండుట ఎంత సులభమో మాకు స్వానుభవమున తెలియును. కొన్నేండ్ల క్రిందట ధ్వనిముద్రణ పనిమీద ప్రయాణము చేయుచు మేము కిటికీ వద్ద కూర్చుంటిమి. రెక్క మీద జానెడు వెడల్పున వెండిరంగు పట్టీ అంటించియున్నది. చిరిగిన పుస్తకమునకు అతికించిన కాగితము వలె కనిపించినది. గుండె జల్లుమన్నది. ప్రక్కనున్న పెద్దమనిషితో అంటిమి. ఆయన పత్రిక నుండి తల ఎత్తకయే, “వారికి తెలియదా అండీ?” అనెను. మేమును ఒక పది నిమిషములు మాటలాడలేదు. నవ్వుదురేమో యని సంకోచము. తలుపులు మూయుచుండగా ఇక ఆగలేక ఎయిర్ హోస్టెస్‌ను పిలిచి చెప్పితిమి. ఆమె లోపలికి పోయి వచ్చి, “అది అల్యూమినియం టేపు సార్, తాత్కాలికముగా వేయుటకు అనుమతి ఉన్నదే. చెప్పినందుకు కెప్టెన్‌గారు థాంక్స్ చెప్పమన్నారు” అనినది. మేము సిగ్గుపడిన మాట నిజమే.

కాని టేపు అన్నంత మాత్రమున నిరపాయమని తలచరాదు. 1996 అక్టోబరు 2న పెరూ దేశమున ఏరోపెరూ వారి బోయింగు 757 విమానమును కడుగునప్పుడు, నీరు పోకుండుటకై ప్రక్కనుండు స్టాటిక్ రంధ్రములపై టేపు అంటించిరి, తీయుట మరచిరి. పరీక్షించినవారు చూడలేదు. కెప్టెన్ ప్రదక్షిణములోను అది కంటబడలేదు. అర్ధరాత్రి సముద్రముపై ఎత్తును, వేగమును తెలియక విమానము నీటిలో కూలినది. అందున్న 70 మందిలో ఒక్కరును దక్కలేదు. ఒక టేపు అవసరము, మరియొక టేపు మృత్యువు. ఏది ఏదియో తేల్చుట చూచినవాని పని కాదు, పైలట్ పని, ఇంజనీరు పని. చూచినవాడు చెప్పినగాని వారు తేల్చలేరు.

1989 మార్చి 10న కెనడాలోని డ్రైడన్ అను చిన్న ఊరిలో ఎయిర్ అంటారియో వారి ఫాకర్ విమానము నిలిచియున్నది. మంచు కురియుచున్నది. విమానములోని సహాయక విద్యుద్యంత్రము చెడియున్నది. ఇంజనులు రెండును ఆపినచో మరల నడుపుటకు ఆ విమానాశ్రయమున సాధనము లేదు. అందుచే ఒక ఇంజను తిరుగుచుండగనే ఇంధనము పోయించిరి. ఇంజను తిరుగుచుండగా మంచును కరగించు ద్రవము చల్లరాదని ఆ సంస్థ నియమము. రెక్కలపై మంచు పేరుకొనుట ప్రయాణికులు చూచిరి. విమాన పరిచారికలు చూచిరి. ప్రయాణికులలో పైలట్లు ఇద్దరు కూడ ఉండిరి. ఏ ఒక్కరును పోయి చెప్పలేదు. విమానము లేవలేక లేచి రన్‌వే చివరి అడవిలో కూలినది. 69 మందిలో 24 మంది మరణించిరి, పైలట్లిద్దరును అందులోనివారే. న్యాయమూర్తి మోషాన్‌స్కీ జరిపిన విచారణలో బ్రతికినవారిని, ఎందుకు చెప్పలేదని అడిగిరి. వారికి తెలిసియే యుండుననుకొంటిమని, వారి పనిలో జోక్యము చేసికొన్నట్లగునని సమాధానములు వచ్చినవి. పత్రిక చదువుకొనుచున్న మా ప్రక్క పెద్దమనిషి మాటయే!

చూపు చాలకపోవుటయు కలదు. 2013 మే 24న లండన్ హీత్రోలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానపు ఇంజను మూతల గొళ్లెములు వేయకయే పంపిరి. గొళ్లెములు ఇంజను అడుగున నుండును. వంగి చూడనిదే కనిపించవు. కో-పైలట్ చూచెను, విమానమును నెట్టు టగ్ డ్రైవరు చూచెను, ఇద్దరికిని కనిపించలేదు. ఎగురునప్పుడు రెండు ఇంజనుల మూతలును ఊడిపోయి, ఒక ఇంజనుకు నిప్పంటుకొన్నది. దైవవశమున అందరును బ్రతికిరి.

గమనించినవాడు చెప్పు దారులు కష్టమైనవి కావు. విమానము నిలిచియున్నప్పుడు హెడ్‌సెట్టు వేసికొన్నవానికి చెప్పినచో అతడు పైలట్‌తో నేరుగా మాటలాడును. నడిపించువాడు చేతికఱ్ఱలు రెండును తలపై అడ్డముగా పెట్టిన, ఆగుమని అర్థము. ఈ సంజ్ఞ అన్ని దేశములందును ఒకటే. విమానము కదలిపోయినచో కంట్రోల్ టవర్‌కు తెలుపవలెను. లోపలి ప్రయాణికుడు పరిచారికకు చెప్పిన చాలును. ఇంజనులు తిరుగుచున్న విమానము వైపు పరుగెత్తుట మాత్రము తగదు.

ఇక మిగిలినది భయము. ఏప్రన్ మీద పెట్టెలు మోయువారిలో చాలమంది కాంట్రాక్టు కూలీలు. విమానము పది నిమిషములు ఆలస్యమైనచో ఎవరి వలన అని అడుగుదురు. అనుమానము వట్టిదని తేలిన నాడు ఆ కూలీని మేస్త్రీ కసరినచో, రెండవసారి నిజమైన తొడుగు కనిపించినను అతడు తల త్రిప్పుకొనును. మమ్ము ఆనాడు ఎవరును కసరలేదు. ఆ తరువాత మరి రెండు పర్యాయములు, రెండు విమానములలో మేము ఎయిర్ హోస్టెస్‌ను పిలిచితిమి. రెండును వట్టివే.