పాట పగ్గాలు ఎవరి చేతిలో?



ఎదిరించడానికి పుట్టిన పాటను కొన్ని దశాబ్దాల తర్వాత వ్యాపారం మళ్లీ ఊరేగిస్తే సంతోషించాలా, బాధపడాలా? పంక్ సంగీతానికి ఈ ప్రశ్న పదే పదే ఎదురైంది. దాని గురించే ఈ నాలుగు మాటలు.

1977లో బ్రిటన్ రాణి పాలనకు రజతోత్సవాలు జరుగుతున్న వేళ సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బృందం ‘గాడ్ సేవ్ ద క్వీన్’ పాటను విడుదల చేసింది. బీబీసీ నిషేధించింది. అయినా పాట అమ్మకాల పట్టికలో రెండో స్థానానికి ఎక్కింది. 2016 వచ్చేసరికి లండన్ నగరం మేయర్, బ్రిటిష్ లైబ్రరీ అండదండలతో పంక్ నలభై ఏళ్ల వేడుకలు చేసుకుంది. పిస్టల్స్ మేనేజర్ మాల్కం మెక్‌లారెన్, డిజైనర్ వివియన్ వెస్ట్‌వుడ్‌ల కొడుకు జో కోరె అది సహించలేకపోయాడు. నవంబర్ 26న థేమ్స్ నదిలో పడవ మీద తన పంక్ సేకరణను తగలబెట్టాడు. దాని విలువ 50 లక్షల పౌండ్లని తనే ప్రకటించాడు. ఆయన ఆవేదన నాకు అర్థమవుతుంది. కానీ కాల్చేస్తే మిగిలేది బూడిదే. కళ ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది.

డబ్బు ముట్టుకుంటేనే కళ మైలపడుతుందని కూడా నేను అనను. ‘ద క్లాష్’ అనే పంక్ బృందం 1982లో పాడిన ‘షుడ్ ఐ స్టే ఆర్ షుడ్ ఐ గో’ 1991లో లివైస్ జీన్స్ ప్రకటనలోకి వచ్చాకే బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. అప్పటికి బృందమే లేదు. పిస్టల్స్ గాయకుడు జాన్ లైడన్ 2008లో కంట్రీ లైఫ్ వెన్న ప్రకటనలో నటించాడు. చాలామంది ఛీ కొట్టారు. ఆయన మాత్రం ఆ సొమ్ముతో తన రెండో బృందం ‘పబ్లిక్ ఇమేజ్ లిమిటెడ్’ను మళ్లీ నిలబెట్టాడు. 2012లో ఆ బృందం కొత్త ఆల్బం సొంత లేబుల్ మీదే వచ్చింది. అమ్ముకున్నది తన ముఖాన్ని, దక్కించుకున్నది తన సంగీతాన్ని. ఆ బేరంలో నాకు తప్పు కనిపించదు.

తప్పు ఎక్కడుందో 2005లో నైకీ చూపించింది. వాషింగ్టన్ నగరపు పంక్ బృందం ‘మైనర్ థ్రెట్’ తొలి రికార్డు అట్ట చూడండి: మెట్ల మీద కూర్చుని, ముడిచిన చేతుల్లో గుండు తల దాచుకున్న ఓ కుర్రాడు, కాళ్లకు బూట్లు. నైకీ తన స్కేట్‌బోర్డింగ్ యాత్ర పోస్టర్‌కు అదే భంగిమను, అదే అక్షరాల తీరును వాడుకుంది. పేరు ‘మేజర్ థ్రెట్’ అయింది, బూట్ల స్థానంలో నైకీ జోళ్లు వచ్చాయి. బృందాన్ని ఎవరూ అడగలేదు. అభిమానులు మండిపడ్డాక కంపెనీ క్షమాపణ చెప్పి పోస్టర్లు వెనక్కి తీసుకుంది.

ఆ బృందంలో పాడిన ఇయాన్ మెకాయ్ తర్వాత ‘ఫుగాజీ’ని స్థాపించాడు. ఈ కొత్త బృందం వాళ్లు టికెట్ ఐదు డాలర్ల దగ్గరే ఉంచాలని పట్టుబట్టారు. ఏ వయసువాళ్లయినా కచేరీకి రావచ్చన్నారు. తమ పేరుతో టీషర్టులు అమ్మలేదు. 2002 తర్వాత వేదిక ఎక్కలేదు. అయినా 2011లో తమ వందలాది కచేరీల రికార్డింగులను సొంత లేబుల్ డిస్కార్డ్ ద్వారా శ్రోతల ముందు పెట్టారు. ఒక్కో కచేరీకి ఐదు డాలర్లు సూచించి, తక్కువో ఎక్కువో ఇచ్చే వీలు కల్పించారు. ఇదీ పునరుజ్జీవనమే. కాకపోతే పగ్గాలు పాడినవాళ్ల చేతిలోనే ఉన్నాయి.

ఇక్కడున్న యువ సంగీతకారులకు నా విన్నపం ఒక్కటే. కళలో నిజాయితీ అంటే పేదరికంలో మగ్గడం కాదు. మీ పాట ఎక్కడ మోగాలో, ఎంతకు అమ్మాలో, దేనికి వాడకూడదో మీరే చెప్పగలగడం. ప్రకటనలకు వాడుకునే హక్కు గురించి ఒప్పందంలో రాసిన వాక్యాన్ని సంతకానికి ముందే చదవండి. అది మీకు నచ్చకపోతే కొట్టేయమని అడగండి. అలా అడగడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం కూడా మీ కళలో భాగమే.