పాత జిగురు మీద కొత్త జిగురు అంటదు

ఈ ఉదయము నేను మీతో చెప్పబోయేది పెద్ద సంగతి కాదు. మా ఇంటిలో పగిలిన ఒక అద్దమును గూర్చిన సంగతి. అయితే ఆ అద్దము దగ్గర ఒక తండ్రిగా నేను నేర్చుకున్నది మాత్రము చిన్నది కాదు.

మా హాలులో ఒక చేపల తొట్టె ఉంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అందులో కొన్ని గప్పీలు, రెండు నల్ల మోలీలు. ఒక ఆదివారము సాయంకాలము మా పదమూడేళ్ళ అబ్బాయి, వద్దని ఎన్నిసార్లు చెప్పినా వినక, హాలులోనే బ్యాటు ఊపాడు. బంతి వెళ్ళి తొట్టె ముందు అద్దమునకు తగిలింది. కింది మూల నుండి పై అంచు దాకా గీత పడింది. నీళ్ళు నేల మీదికి కారిపోసాగాయి.

అప్పుడు నేనేమన్నానో చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. "నీ చెయ్యి పడితే ఈ ఇంట్లో ఏదీ మిగలదురా" అన్నాను. వాడు తల దించుకున్నాడు. నేల మీది నీళ్ళు తుడవడానికి అరగంట పట్టింది. ఆ మాటను తుడవడానికి ఎంత కాలము పట్టిందో, వినండి.

మొదట చేపలను కాపాడుకోవాలి కదా. పెద్ద ప్లాస్టిక్ టబ్బులో తొట్టె నీళ్ళే పోసి, చేపలను దింపి, గాలి పంపు పెట్టాము. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడగకుండా అలాగే టబ్బులో వేశాము. ఎందుకంటే చేపల విసర్జనలోని అమ్మోనియా వాటికి విషము. దానిని మార్చివేసే సూక్ష్మజీవులు ఆ స్పాంజిలోనే ఉంటాయి. కుళాయి నీటిలోని క్లోరిన్ వాటిని చంపుతుంది. మేత తగ్గించి, ఒక రోజంతా నిలువ ఉంచిన నీటితో రోజూ పావు వంతు నీళ్ళు మార్చుతూ వచ్చాము.

మరునాడు అద్దాల కొట్టుకు వెళ్ళాను. "గీత మీద కాస్త సిలికాన్ పూస్తే సరిపోదా?" అని అడిగాను. కొట్టులోని పెద్దాయన నవ్వి, "తొట్టె నిండితే ఎన్ని లీటర్లు సార్?" అన్నాడు. లెక్క వేస్తే 54 లీటర్లు. అంటే 54 కిలోల బరువు. నిండు తొట్టెలో ఆ ముందు అద్దము ఒక్కదాని మీదనే నీళ్ళు సుమారు 27 కిలోల బరువంత బలముతో బయటికి తోస్తుంటాయి, రాత్రింబగళ్ళు, విరామము లేకుండా. గీత పడిన అద్దమునకు పైపూత ఏమి ఆనుతుంది? అద్దమే మార్చాలి.

ప్రియులారా, ఇంగ్లండులో 1854లో 'ది అక్వేరియం' అనే పుస్తకము వ్రాసిన ఫిలిప్ హెన్రీ గాస్ ప్రకృతి శాస్త్రజ్ఞుడే గాక వాక్యము బోధించిన విశ్వాసి కూడా. ఆ కాలములో తొట్టెలకు లోహపు చట్రము, పుట్టీ ఉండేవి. మా తొట్టెకు చట్రమంటూ లేదు. అద్దమునకూ అద్దమునకూ మధ్య మిల్లీమీటరు మందము సిలికాన్ పొర, అంతే. ఆ సన్నని పొరే అంత బరువును పట్టి ఉంచుతుంది.

పెద్దాయన పాత అద్దము మందమే, 5 మిల్లీమీటర్లది, కొలత ప్రకారము కోసి, అంచులు రుద్ది ఇచ్చాడు. "చేపల తొట్టెలకు పనికొచ్చే సిలికానే కొనండి, స్నానాల గదికి వాడేదాంట్లో బూజు మందు కలుపుతారు, చేపలకు పడదు" అన్నాడు. చివరికి ఒక మాట అన్నాడు. "సార్, పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ అంటుకోదు. కంటికి కనబడని పొర ఉన్నా అంటదు. అద్దము పెట్టడము అరగంట పని, గీకడమే అసలు పని."

ఆ గీకే పని మాకు మూడు సాయంకాలాలు పట్టింది. చేతి తొడుగులు వేసుకుని, పగిలిన అద్దమును బ్లేడుతో కోసి ఊడదీశాను. కొత్త అద్దము ఆనుకునే అంచులే గాక, లోపలి మూలలన్నిటిలోని పాత సీలు కూడా తీసేయాలి. లేకపోతే కొత్తది పాతదాన్ని కలిసే చోట నీరు దారి వెదుక్కుంటుంది. బ్లేడు పని నాది. ప్లాస్టిక్ ముక్కతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిచే పని అబ్బాయిది. పక్కపక్కనే కూర్చున్నాము గాని మాటలు లేవు. "అలాగే నాన్నా", "సరే నాన్నా", అంతే. మధ్యలో ఒక రాత్రి వాడిని బిర్యానీ తినిపించడానికి తీసుకువెళ్ళాను. తిన్నాడు. థాంక్స్ అన్నాడు. మళ్ళీ మౌనమే.

మూడవ రాత్రి వాడు కుడి వైపు కింది మూలను వేలితో తడిమి, "నాన్నా, ఇక్కడ ఇంకా జిగురుగా ఉంది" అన్నాడు. ఆ మూల నేను చేసినది. నాకు అలసటగా ఉంది. "చాల్లేరా, అది లోపలికి పోతుంది, ఎవరు చూస్తారు" అన్నాను.

అంచులకు సిలికాన్ పెట్టి, ఇద్దరము చెరొక వైపు పట్టుకుని అద్దము నిలబెట్టాము. ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. పది నిమిషాలలోనే సిలికాన్ మీద పొర కట్టడము మొదలవుతుంది. టేపుతో బిగించి, లోపలి మూలలలో సీలు వేసి, ఏడు రోజులు ఆగాము. తరువాత వరండాలో చదునైన చోట, కింద పాత వార్తాపత్రికలు పరచి, పావు వంతు, సగము, ఆపైన నిండుగా నీళ్ళు పోశాము. రెండవ రోజు ఉదయము లేచి చూస్తే కాగితము తడిసి ఉంది. ఎక్కడో మీరు ఊహించే ఉంటారు. కుడి వైపు కింది మూల.

ఆ తడి కాగితము ఎదుట నిలబడినప్పుడు, శ్రోతలారా, నాకు ఆ మూల ఒక్కటే కనబడలేదు. నేను కొనిపెట్టిన బిర్యానీ కనబడింది. లోపల ఉన్న మాటను గీకకుండా, దాని మీద ఆప్యాయత పూయబోయాను. అది అంటలేదు. వాడిని పిలిచి చెప్పాను. "ఆ మూల నేను చేసిందేరా. నువ్వు చెప్పావు, నేను వినలేదు. ఆ ఆదివారము నీ చేతిని గూర్చి అన్న మాట కూడా తప్పేరా. నువ్వు బ్యాటు ఊపడము తప్పే. కాని నేనన్నది అద్దమును గూర్చి కాదు, నిన్ను గూర్చి అన్నాను. నన్ను క్షమించు నాన్నా."

వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "అయితే మళ్ళీ మొత్తం గీకాలా నాన్నా?" అన్నాడు.

ఔను, మొత్తము గీకాలి. ఆ మూల మీద కాస్త అద్దితే చాలదు, ఎందుకంటే ఇప్పుడు మేము వేసిన కొత్తది కూడా పాతదైపోయింది. అద్దము మళ్ళీ ఊడదీశాము. ఈసారి ప్రతి మూలను వాడి వేలే పరీక్షించింది. వాడు "సరే" అన్న తరువాతనే సిలికాన్ తెరిచాము.

మళ్ళీ ఏడు రోజులు. ఎందుకు ఆగాలి? సిలికాన్ గాలిలోని తేమను పీల్చి, బయటి నుండి లోపలికి మెల్లగా గట్టిపడుతుంది. పైన తాకితే ఆరినట్టే ఉంటుంది, లోపల ఇంకా మెత్తనే. వెనిగరు వాసన వస్తున్నంత కాలము లోపల పని జరుగుతూనే ఉందన్నమాట. మా అబ్బాయి కూడా అంతే. క్షమించాడు గాని, మునుపటిలా నవ్వడానికి కొన్ని రోజులు పట్టింది. నేను తొందరపెట్టలేదు. ఆరని సీలు మీద నీళ్ళు పోయకూడదని అప్పటికి నేర్చుకున్నాను.

తరువాత రెండు పగళ్ళు, రెండు రాత్రులు నిండు తొట్టె కింద కాగితము పొడిగానే ఉంది. చేపలు తమ ఇంటికి వెళ్ళాయి.

పాత బట్టకు కొత్త గుడ్డ మాసిక వేయడమును గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానము మీకు తెలుసు. బలిపీఠము యొద్దకు అర్పణ తెచ్చినవాడు మొదట ఏమి చేయాలో మత్తయి సువార్త 5వ అధ్యాయము, 23, 24 వచనములలో ఉన్నది. ఈ రోజు మీ బైబిలు తెరచి మీరే చదవండి. చదివిన తరువాత మీ ఇంటిలో ఒకసారి చుట్టూ చూడండి. మీ కుమారుడో, కోడలో, తోడబుట్టినవాడో మీతో "సరే", "అలాగే" అని మాత్రమే పలుకుతున్నారా? వారికి కొత్త చీర, కొత్త ఫోను కొనకముందు, మీరన్న ఏ మాట ఇంకా ఆ మూలలో అంటుకుని ఉన్నదో వెదకండి. మీకు కనబడకపోతే వారినే అడగండి. వారి వేలికి అది తెలుస్తుంది.

ఆ మాటను పేరు పెట్టి ఒప్పుకోండి. తరువాత ఆరడానికి సమయమివ్వండి. దేవుడు మీ గృహములను సమాధానముతో నింపును గాక. ఆమేన్.